కవర్‌లోంచి పొడి రాలితే? తపాలాలో ‘జీవ ప్రమాదాన్ని’ ఎలా పట్టుకుంటారు, మనం ఏం చేయాలి?

విదేశం నుంచి బయల్దేరిన ఒక పార్శిల్ శ్రీ సత్యసాయి జిల్లా తనకల్లు మండలంలోని పల్లెకు చేరాలంటే ఎన్నో చేతులు మారాలి. విమానాశ్రయం, విదేశీ తపాలా కార్యాలయం, కస్టమ్స్ తనిఖీ, సార్టింగ్ కేంద్రం, మండల పోస్టాఫీసు, చివరికి ఊళ్లోని డాక్ సేవక్. ఆ పార్శిల్‌లో వైర్లో బ్యాటరీనో ఉంటే ఎక్స్‌రే యంత్రం పట్టుకుంటుంది. కంటికి కనిపించని సూక్ష్మక్రిమి ఉంటే మాత్రం ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2001లో అమెరికాలో ఉత్తరాల్లో వచ్చిన ఆంత్రాక్స్ ఐదుగురి ప్రాణాలు తీసింది. 2019లో సికింద్రాబాద్ పోస్టాఫీసులో దుర్వాసన కొట్టే ద్రవంతో సీసాల పార్శిళ్లు బయటపడ్డాయి. 2020లో ఎవరూ అడగని విత్తనాల ప్యాకెట్లు పలు దేశాల్లో ఇళ్లకు రావడంతో మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను హెచ్చరించింది. ఈ మూడు ఘటనల్లోనూ ముందుగా ఆ కవర్లను ముట్టుకున్నది తపాలా సిబ్బందే. యంత్రాలు ఎన్ని ఉన్నా మొదటి తనిఖీ మనిషి కన్ను, ముక్కు, చేతులతోనే జరుగుతుంది. ఆ మనిషికి ఏం చేయాలో తెలిసి ఉండటం ఎంత ముఖ్యమో 2001 ఘటన చెబుతుంది.

2001లో ఏం జరిగింది?

ఆ ఏడాది సెప్టెంబరు 18, అక్టోబరు 9 తేదీల ముద్రలతో న్యూజెర్సీలోని ట్రెంటన్ నుంచి కొన్ని ఉత్తరాలు వెళ్లాయి. కొన్ని మీడియా సంస్థలకు, మరికొన్ని సెనేటర్లు టామ్ డాష్లీ, పాట్రిక్ లేహీలకు. కవర్లలో ఆంత్రాక్స్ స్పోర్ల పొడి ఉంది. స్పోర్ అంటే ప్రతికూల పరిస్థితులను తట్టుకోవడానికి బ్యాక్టీరియా తన చుట్టూ గట్టి కవచం కట్టుకుని నిద్రాణంగా ఉండే దశ. ఎండకు, చలికి తట్టుకుని ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. శరీరంలోకి వెళ్లాక మేలుకుంటుంది.

మొత్తం 22 మందికి జబ్బు సోకింది. 11 మందికి ఊపిరితిత్తుల ద్వారా, 11 మందికి చర్మం ద్వారా. ఊపిరితిత్తుల ద్వారా సోకిన వారిలో ఐదుగురు చనిపోయారు.

డాష్లీ కార్యాలయంలో ఉత్తరం తెరిచింది అక్టోబరు 15న. అక్కడి సిబ్బందికి వెంటనే పరీక్షలు చేసి, మందులు ఇచ్చారు. అదే ఉత్తరం అంతకుముందు వాషింగ్టన్‌లోని బ్రెంట్‌వుడ్ సార్టింగ్ కేంద్రం గుండా వచ్చింది. అతికించిన కవర్‌లోంచి పొడి బయటికి రాదని అప్పట్లో అనుకున్నారు. అందుకే అక్టోబరు 21 వరకు బ్రెంట్‌వుడ్‌లో పని సాగుతూనే ఉంది. ఆ రోజు, మర్నాడు అక్కడి ఉద్యోగులు థామస్ మోరిస్, జోసెఫ్ కర్సీన్ చనిపోయారు. ఇప్పుడు ఆ కేంద్రానికి వారిద్దరి పేర్లే పెట్టారు.

అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా ఎక్కడ వచ్చింది? ఉత్తరాలను వేరు చేసే యంత్రాలు కవర్లను గట్టిగా నొక్కుతూ వేగంగా లాగుతాయి. ఆంత్రాక్స్ స్పోర్ కాగితంలోని సన్నని రంధ్రాల కన్నా చాలా చిన్నది. యంత్రం నొక్కిన ప్రతిసారీ పొడి కాగితంలోంచి, మూత అంచుల్లోంచి బయటికొచ్చింది. యంత్రాలను శుభ్రం చేయడానికి వాడిన గాలి దాన్ని ఇంకా పైకి లేపింది. పక్కన ఉన్న మామూలు ఉత్తరాలకూ అంటుకుంది. కనెక్టికట్ రాష్ట్రంలో చనిపోయిన 94 ఏళ్ల వృద్ధురాలికి బహుశా అలా అంటుకున్న ఉత్తరం వల్లే సోకి ఉంటుందని దర్యాప్తులో భావించారు.

బ్రెంట్‌వుడ్ కేంద్రాన్ని క్లోరిన్ డయాక్సైడ్ వాయువుతో శుద్ధి చేసి మళ్లీ తెరవడానికి రెండేళ్లకు పైగా పట్టింది. సుమారు 10 వేల మందికి ముందుజాగ్రత్తగా 60 రోజుల యాంటీబయాటిక్ కోర్సు సూచించారు. ఆ ఉత్తరాలు పంపింది అమెరికా సైన్యం ప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రవేత్త బ్రూస్ ఐవిన్స్ అని దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తేల్చి, 2010లో కేసు మూసేసింది. అప్పటికే 2008లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. దాంతో ఆ ఆరోపణలపై కోర్టులో విచారణ జరగలేదు.

ఆ తర్వాత ఎలాంటి యంత్రాలు వచ్చాయి?

అమెరికా తపాలా శాఖ సార్టింగ్ కేంద్రాల్లో గాలిని పరీక్షించే వ్యవస్థ పెట్టింది. ఉత్తరాలకు ముద్ర వేసే యంత్రం పైన గాలిని పీల్చి, అందులోని ధూళిని ద్రవంలో పట్టి, పీసీఆర్ పరీక్ష చేస్తుంది. కోవిడ్ కాలంలో మనందరికీ అలవాటైన పరీక్షే ఇది. కాకపోతే ఇక్కడ ముక్కులోంచి కాకుండా ఉత్తరాల పైనున్న గాలి నుంచి నమూనా తీస్తారు. ఆంత్రాక్స్ జన్యువు కనిపిస్తే గంట గంటన్నరలో తెలుస్తుంది. వెంటనే పని ఆపి, మనుషులను బయటికి పంపుతారు. ఉత్తరం గమ్యానికి చేరకముందే సమాచారం అందుతుంది కాబట్టి మందులు మొదలుపెట్టడానికి సమయం దొరుకుతుంది.

రెండోది రేడియేషన్. వాషింగ్టన్‌లోని ప్రభుత్వ కార్యాలయాలకు వెళ్లే ఉత్తరాలను ఎలక్ట్రాన్ కిరణాల కింద పంపుతారు. సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. కాగితం పసుపురంగుకు తిరిగి పెళుసుబారుతుంది. మందులు, ఫొటో ఫిల్మ్, విత్తనాల వంటివి పాడవుతాయి. అందుకే దీన్ని అందరి ఉత్తరాలకూ వాడరు.

మూడోది దూరం. ముఖ్య కార్యాలయాలకు వచ్చే తపాలాను ఆ భవనంలో కాకుండా వేరే చోట తెరుస్తారు. 2013 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ఒబామాకు, సెనేటర్ రోజర్ వికర్‌కు వచ్చిన రైసిన్ ఉత్తరాలు ఇలాంటి బయటి కేంద్రాల్లోనే దొరికిపోయాయి.

వీటన్నిటికీ పరిమితులున్నాయి. గాలి పరీక్ష ఆ యంత్రం గుండా వెళ్లే ఉత్తరాలకే పనికొస్తుంది. అది వెతికే క్రిమి తప్ప మరొకటి ఉంటే పట్టుకోలేదు. చేతిలో పట్టుకుని వాడే కిట్లు ఒక్కోసారి మామూలు పొడినీ ప్రమాదమని చూపిస్తాయి. కచ్చితంగా చెప్పగలిగేది ప్రయోగశాల మాత్రమే.

ఆంత్రాక్స్, రైసిన్ మనకు కొత్తవా?

కాదు. ఆంత్రాక్స్‌ను పశుపోషకులు ‘దొమ్మరోగం’ అంటారు. గొర్రెలు, మేకలు, పశువులు మట్టిలోని స్పోర్లు అంటిన గడ్డి మేసినప్పుడు సోకుతుంది. విశాఖ మన్యంలో మనుషులకు చర్మ ఆంత్రాక్స్ సోకిన ఘటనలున్నాయి. 2021లో వరంగల్ జిల్లాలో గొర్రెలు దీనితో చనిపోయాయి. ఉమ్మడి అనంతపురం రాష్ట్రంలోనే గొర్రెలు ఎక్కువగా ఉన్న జిల్లా. కాబట్టి తనకల్లు, కదిరి ప్రాంతంలో ఒక కాపరికి ఆంత్రాక్స్ ముప్పు ఉందంటే అది తపాలా కవర్ నుంచి కన్నా, హఠాత్తుగా చచ్చిపోయి ముక్కు, నోటి నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న గొర్రెను కోయడం నుంచే ఎక్కువ. అలాంటి కళేబరాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు, మాంసం పంచుకోకూడదు. పశువైద్యుడికి చెప్పి, సున్నం వేసి లోతుగా పూడ్చాలి.

చర్మానికి సోకితే మొదట చిన్న పొక్కులా వచ్చి, తర్వాత నొప్పి లేని నల్లటి పక్కు కడుతుంది. సకాలంలో యాంటీబయాటిక్స్ వాడితే నయమవుతుంది. ఊపిరితిత్తుల ఆంత్రాక్స్ ఒకరి నుంచి మరొకరికి దగ్గు, తుమ్ముల ద్వారా సోకదు.

రైసిన్ ఆముదం గింజల్లో ఉండే విషం. ఆముదం నూనెలోకి అది దిగదు. ఇది క్రిమి కాదు కాబట్టి ఒకరి నుంచి ఒకరికి అంటదు. కానీ దీనికి విరుగుడు మందు లేదు. 2020లో అధ్యక్షుడు ట్రంప్‌కు కెనడా నుంచి రైసిన్ ఉత్తరం పంపిన మహిళకు 2023లో దాదాపు 22 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఉత్తరం మాత్రం ఆయన దాకా చేరలేదు. తనిఖీలోనే ఆగిపోయింది.

సికింద్రాబాద్‌లో ఏం జరిగింది?

2019 ఆగస్టులో సికింద్రాబాద్ ప్రధాన తపాలా కార్యాలయంలో కొన్ని పార్శిళ్ల నుంచి దుర్వాసన వస్తోందని సిబ్బంది గమనించారు. అవి తెలంగాణ ముఖ్యమంత్రి, మంత్రులు, పోలీసు ఉన్నతాధికారుల పేరిట ఉన్నాయి. లోపల సీసాల్లో ద్రవం ఉంది. రసాయనమా, ఇంకేదైనానా అని కలకలం రేగింది. పోలీసులు వచ్చి స్వాధీనం చేసుకుని, నమూనాలను ఫోరెన్సిక్ పరీక్షకు పంపారు. చివరికి అది మురుగునీరని తేలింది.

ముగింపు తేలికగానే ఉన్నా ఈ ఘటన రెండు విషయాలు చెబుతుంది. ప్రమాదాన్ని మొదట పసిగట్టింది సిబ్బంది ముక్కు. యంత్రం కాదు. ఇక అది నిజంగా విషమై ఉంటే ఆ వాసన పీల్చిన వారే మొదటి బాధితులయ్యేవారు. మురుగునీరైనా సరే, అందులో రోగకారక క్రిములుంటాయి. దాన్ని సీసాలో పోసి తపాలాలో పంపడం ఎలా చూసినా నేరమే.

మన దగ్గర ఏ ఏర్పాట్లు ఉన్నాయి?

దేశంలో సుమారు 1.64 లక్షల పోస్టాఫీసులున్నాయి. వాటిలో దాదాపు 90 శాతం పల్లెల్లోనే. విదేశాల నుంచి వచ్చే పార్శిళ్లను విదేశీ తపాలా కార్యాలయాల్లో కస్టమ్స్ అధికారులు తనిఖీ చేస్తారు. విమానంలో వెళ్లే తపాలాకు భద్రతా తనిఖీ ఉంటుంది. పల్లెల్లోని పోస్టాఫీసుల్లో ఎక్స్‌రే యంత్రాలు ఉండవు. అక్కడ తనిఖీ అంటే బుకింగ్ దగ్గర ‘లోపల ఏముంది?’ అని అడిగే ప్రశ్నే. ఆ ప్రశ్నకు చిరాకు పడకుండా సరిగ్గా జవాబు చెప్పడం మన వంతు.

ప్రమాదకర పదార్థాలను తపాలాలో పంపడం నిషేధం. అనుమానం వచ్చిందని పోస్ట్‌మాస్టర్ తనంతట తాను ఎవరి ఉత్తరమైనా చింపి చూడొచ్చా? కుదరదు. 1898 నాటి చట్టం స్థానంలో తెచ్చిన 2023 తపాలా కార్యాలయ చట్టం 2024 జూన్ 18 నుంచి అమల్లో ఉంది. దాని 9వ సెక్షన్ ప్రకారం దేశ భద్రత, ప్రజా భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ఉత్తరాన్ని ఆపి తెరిచే అధికారం కేంద్రం నియమించిన అధికారికే ఉంటుంది. ఈ అధికారం విస్తృతంగా ఉందని, ఉత్తరాల గోప్యతకు రక్షణ చాలదని పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యులు విమర్శించారు. ఏదేమైనా పోస్టాఫీసు సిబ్బంది చేయాల్సింది తెరవడం కాదు. పక్కన పెట్టి పైకి చెప్పడం.

జీవ విపత్తులపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2008లో మార్గదర్శకాలు ఇచ్చింది. జాతీయ విపత్తు స్పందన దళం అయిన ఎన్‌డీఆర్‌ఎఫ్‌లో రసాయన, జీవ ప్రమాదాలను ఎదుర్కొనే శిక్షణ పొందిన బృందాలున్నాయి. మన రాష్ట్రంలో దాని పదో బెటాలియన్ విజయవాడ సమీపంలోని కొండపావులూరులో ఉంది. అక్కడి నుంచి తనకల్లు వందల కిలోమీటర్ల దూరం. అంటే ఇలాంటి ఊళ్లో ఏదైనా జరిగితే మొదటి కొన్ని గంటలు అక్కడున్న పోస్టాఫీసు సిబ్బంది, పోలీసులు, ఆసుపత్రి వాళ్లే చూసుకోవాలి. చేతి తొడుగులు, సబ్బు, నీళ్లు, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కాగితం. ప్రతి పోస్టాఫీసులో ఇవి ఉండటానికి కోట్లు అక్కర్లేదు.

అడగని విత్తనాలు వస్తే?

మన రైతు ఇంటికి నిజంగా వచ్చే అవకాశం ఉన్న జీవ పదార్థం ఇదే. 2020 జులైలో అమెరికాలో వేలమందికి ఆర్డర్ చేయని విత్తనాల ప్యాకెట్లు వచ్చాయి. ఆన్‌లైన్ అమ్మకందారులు నకిలీ ఆర్డర్లు, నకిలీ రివ్యూలు సృష్టించడానికి ఇలా పంపి ఉండొచ్చని అక్కడి వ్యవసాయ శాఖ చెప్పింది. ఆగస్టులో మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా అలాంటి ప్యాకెట్లపై అప్రమత్తంగా ఉండాలని రాష్ట్రాలకు, విత్తన పరిశ్రమకు సూచించింది.

గింజలతో ఏమవుతుందని అనుకోవద్దు. విదేశాల నుంచి వచ్చి మన పొలాలను ఆక్రమించిన వయ్యారిభామ మొక్క సంగతి అందరికీ తెలుసు. 2000లో ఉమ్మడి అనంతపురం జిల్లాలో వేరుశనగను కాండం కుళ్లు వైరస్ తెగులు ఊడ్చేసింది. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది. నష్టం సుమారు 300 కోట్ల రూపాయలని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఆ వైరస్‌కు ఆశ్రయమిచ్చింది వయ్యారిభామే. దాని పుప్పొడి ద్వారా, తామర పురుగుల సాయంతో వేరుశనగకు పాకింది.

అందుకే విదేశీ విత్తనాల దిగుమతికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. ఆన్‌లైన్‌లో అందంగా కనిపించిన పూల గింజలు విదేశీ సైట్ నుంచి తెప్పించుకున్నా ఇదే నిబంధన. అడగని ప్యాకెట్ వస్తే నాటొద్దు, చెత్తలో పారేయొద్దు, ఇతరులకు ఇవ్వొద్దు. కవర్‌తో సహా భద్రపరిచి రైతు సేవా కేంద్రంలో గానీ, మండల వ్యవసాయ అధికారికి గానీ అప్పగించండి.

అనుమానాస్పద కవర్ వస్తే ఏం చేయాలి?

ముందుగా ఏది అనుమానాస్పదం? పంపినవారి చిరునామా లేకపోవడం, చిరునామాకు ముద్రకు పొంతన కుదరకపోవడం, అవసరానికి మించి టేపు చుట్టడం, అవసరానికి మించి స్టాంపులు, నూనె మరకలు, వింత వాసన, పొడి రాలడం. వీటిలో ఒక్కటి ఉన్నంత మాత్రాన ప్రమాదమని కాదు. రెండు మూడు కలిస్తే ఆగి ఆలోచించాలి.

తెరవొద్దు. ఊపొద్దు, వాసన చూడొద్దు. దగ్గర పెట్టుకుని ఫొటోలు, వీడియోలు తీయొద్దు.

ఉన్నచోటే ఉంచండి. దాన్ని పట్టుకుని బండి మీద పోలీస్‌స్టేషన్‌కు వెళ్లొద్దు. దారి పొడవునా పొడి చల్లినట్టవుతుంది. ప్లాస్టిక్ కవర్‌తో గానీ, బోర్లించిన బకెట్‌తో గానీ మెల్లగా కప్పండి. పొడి రాలితే ఊడవొద్దు, తుడవొద్దు.

ఫ్యాన్, కూలర్, ఏసీ ఆపేయండి. తలుపు మూసి బయటికి రండి. మరెవరినీ లోపలికి పోనివ్వొద్దు.

చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. అప్పటివరకు ముఖం తాకొద్దు. బట్టల మీద పొడి పడితే విప్పి ప్లాస్టిక్ సంచిలో వేసి కట్టి, సబ్బుతో స్నానం చేయండి. చర్మానికి బ్లీచింగ్ పౌడర్ రాయొద్దు.

112కు ఫోన్ చేయండి. పోస్టాఫీసులో అయితే పై అధికారికి కూడా చెప్పండి. ఆ సమయంలో గదిలో ఎవరెవరు ఉన్నారో, కవర్‌ను ఎవరెవరు ముట్టుకున్నారో పేర్లు రాసిపెట్టండి. ఎవరికి మందులు అవసరమో డాక్టర్లు నిర్ణయించేది ఈ జాబితా చూసే. అందులో కవర్ తెచ్చిన పోస్ట్‌మన్ పేరు మర్చిపోకండి.

సొంతంగా యాంటీబయాటిక్స్ వేసుకోవద్దు. ఇలాంటి కవర్లలో అత్యధికం ఉత్తుత్తివే అవుతాయి. నిజమని తేలితే వైద్యులే మందు, మోతాదు, రోజులు చెబుతారు.

సరదాకు పంపితే?

పిండో, టాల్కం పౌడరో పోసి ఎవరినో భయపెడదామనుకుంటే అది సరదా కాదు. పేరు చెప్పకుండా బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద నేరం. బెదిరింపునకు పడే శిక్షకు అదనంగా రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. ప్రాణాంతకమైన జీవ పదార్థాన్ని దేశ భద్రతను దెబ్బతీసే, ప్రజల్లో భీతి పుట్టించే ఉద్దేశంతో నిజంగానే ప్రయోగిస్తే 113వ సెక్షన్ ప్రకారం ఉగ్రవాద చర్య అవుతుంది.

మరి ల్యాబ్ నమూనాలు తపాలాలో వెళ్తాయి కదా?

వెళ్తాయి. క్షయ నిర్ధారణ కోసం కఫం నమూనాలను ల్యాబ్‌లకు చేర్చే పనిలో తపాలా శాఖ పాలుపంచుకుంది. కోవిడ్ సమయంలో పరీక్ష కిట్లను ల్యాబ్‌లకు మోసింది. నమూనాలకు ప్రత్యేక పద్ధతి ఉంది. లీకవని డబ్బా, దాన్ని ఇంకో లీకవని డబ్బాలో పెట్టడం, మధ్యలో ద్రవాన్ని పీల్చుకునే దూది, పైన గట్టి పెట్టె. దీన్ని మూడు పొరల ప్యాకింగ్ అంటారు. పెట్టె మీద ‘యూఎన్ 3373’ అని వజ్రాకారపు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు కనిపిస్తే భయపడాల్సిన పనిలేదు. లోపల ఏముందో తెలిసిన వాళ్లు నిబంధన ప్రకారం పంపారని అర్థం. అంతేగానీ ఇంట్లో తీసిన రక్తాన్నో, మూత్రాన్నో మామూలు సీసాలో పోసి పార్శిల్ చేయకూడదు. అది పగిలితే తడిసేది సార్టింగ్ చేసేవారి చేతులే.

వాషింగ్టన్‌లో ఉత్తరం అందుకున్న కార్యాలయానికి వెంటనే వైద్యం అందింది. దాన్ని మోసుకొచ్చిన వారి గురించి ఆలోచించేసరికి ఆరు రోజులు గడిచిపోయాయి. మన దగ్గర ఎప్పుడు ఏ కవర్ మీద అనుమానం వచ్చినా అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఇది ఎవరికి వచ్చింది?’ అని కాదు. ‘ఇది ఎవరెవరి చేతుల మీదుగా వచ్చింది?’ అని.